ముందు రోగి, పిమ్మట యంత్రము: నర్సింగు విద్యలో ఫ్లిప్డ్ తరగతియు కృత్రిమ మేధయు



ఏ ఉపాధ్యాయురాలి స్మృత్యర్థము మనమీ సాయంకాలము సమావేశమైతిమో, ఆమె తన పేరు వేదికలమీద వినబడుటకు ఎన్నడును ఇష్టపడినవారు కారు. ఆసుపత్రిలో ఆయా మొదలుకొని సూపరింటెండెంటు వరకు అందరును ఆమెను సిస్టరమ్మగారనియే పిలిచెడివారు. నేనును నేడట్లే పిలిచెదను. ఆమె బోధనలో ఒక నియమముండెడిది. క్రొత్తగా వార్డులోనికి వచ్చిన విద్యార్థిని, పడకకు తగిలించియున్న కేసు షీటును చేతికి తీసికొనబోయినచో, ఆమె దానిని మెల్లగా యథాస్థానమున పెట్టించి, "ముందు మనిషిని చూడమ్మా, కాగితం ఎక్కడికీ పోదు" అనెడివారు. రోగి ఏ ప్రక్కకు ఒత్తిగిలియున్నాడో, పెదవుల రంగెట్లున్నదో, మాట్లాడునపుడు వాక్యము నడుమ ఊపిరికొరకు ఆగుచున్నాడో లేదో, సెలైను ఎక్కుచున్న చేయి వాచినదో లేదో, మంచము ప్రక్కనున్న మూత్రపు సంచి ఎంత నిండినదో విద్యార్థిని తానుగా చూచి చెప్పవలెను. ఆమె చెప్పిన పిమ్మటనే కేసు షీటు తెరువబడెడిది. చెప్పినదానికిని వ్రాసియున్నదానికిని భేదము కనబడినచో, ఆ భేదమే ఆనాటి పాఠము.

ఆమె జీవితకాలమున, చేతిఫోనులో ప్రశ్న వేసినంతనే పుటలకొలది సమాధానమిచ్చు యంత్రములు లేవు. 2022 నవంబరు 30వ తేదీన చాట్‌జీపీటీ విడుదలయ్యెను. అటు తరువాత ఎంతో కాలము గడువకముందే, నర్సింగు విద్యార్థుల కేర్ ప్లానులును, కేస్ స్టడీలును, డ్రగ్ బుక్కులును క్రమక్రమముగా యంత్రముల రచనలగుచుండుట బోధకులమైన మనమందరము ఎరిగినదే. ఈ యంత్రములను కళాశాల ద్వారమునొద్దనే నిలిపివేయవలెననువారితోగాని, ఇక ఉపాధ్యాయులతో పనిలేదనువారితోగాని నాకు ఏకీభావము లేదు. నేను సమర్థింపదలచినది క్రమమునకు సంబంధించిన విషయము. విద్యార్థిని రోగిని తన కన్నులతో చూచి, తన బుద్ధితో ఒక నిర్ణయమునకు వచ్చి, దానిని తన చేతితో వ్రాసిన పిమ్మట యంత్రము పలికినచో అది విద్యకు తోడగును. అంతకు పూర్వమే పలికినచో అదే యంత్రము, అవే మాటలు, విద్యకు అడ్డమగును. ఇంకొక మెట్టు ముందునకు పోయి చెప్పుదును: విద్యాభ్యాసదశలో యంత్రమునకు తగిన పని సమాధానమిచ్చుట కాదు, ప్రశ్నించుట.

పరిచర్యకు బుద్ధి కావలెనని మన పూర్వులు ఎరుగనివారు కారు. చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, ఉపస్థాత, రోగి. ఆ ఉపస్థాతకు మరల నాలుగు గుణములు విధింపబడినవి: ఉపచారజ్ఞానము, దక్షత, అనురాగము, శుచిత్వము. వీనిలో మొదటిదానిని పుస్తకమైనను యంత్రమైనను కొంతవరకు ఈయగలదు. తక్కిన మూడును చేతులతో పనిచేయుచుండగా, అనుభవజ్ఞురాలైన మరియొక వ్యక్తి ప్రక్కన నిలిచి చూచుచుండగా, కాలక్రమమున అలవడవలసినవి. నర్సింగు విద్యను సంస్కరింపబూనిన ఏ పద్ధతినైనను నేను ఈ ప్రమాణముతోనే కొలిచెదను: ప్రక్కన నిలిచి చూచు ఆ కాలమును అది పెంచుచున్నదా, హరించుచున్నదా?

ఫ్లారెన్స్ నైటింగేల్ 1860లో లండనునందలి సెయింట్ థామస్ ఆసుపత్రిలో తన పేర శిక్షణ పాఠశాలను నెలకొల్పునాటికే, నోట్స్ ఆన్ నర్సింగ్ అను చిన్న గ్రంథములో రోగిని పరిశీలించుటను గూర్చి ఒక అధ్యాయమును ప్రత్యేకించి వ్రాసియుండెను. క్రిమియా యుద్ధమున గాయములవలన మరణించినవారికంటె, నివారింపదగిన వ్యాధులవలన మరణించిన సైనికులే పెక్కుమందియని రంగుల చిత్రపటములతో ప్రభుత్వమునకు నిరూపించిన గణాంకనిపుణురాలును ఆమెయే. గణనమును అంతగా గౌరవించిన ఆ మహిళ, లెక్కకు మూలము పడక చెంతనున్న కన్నే యని ఎన్నడును మరువలేదు. అయితే ఆసుపత్రులలో పెరిగిన ఆ శిక్షణ సంప్రదాయముతోపాటు ఒక దోషమును లోకమంతట వ్యాపించినది. విద్యార్థిని యనగా ఆసుపత్రికి స్వల్పవ్యయముతో లభించు పనిచేయు చేయి యను భావము స్థిరపడినది. అమెరికాలో 1923లో వెలువడిన గోల్డ్‌మార్క్ నివేదిక ఈ దోషమును నిర్మొహమాటముగా ఎత్తిచూపెను. నూరేండ్లు దాటినను అది పూర్తిగా తొలగలేదు.

మన గుంటూరులో 1883లో అడుగుపెట్టి, 1898లో స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి తెరచిన డాక్టరు అన్నా కూగ్లరు కాలమునాటికి, చదువుకొన్న స్త్రీ రోగుల మలమూత్రములు ఎత్తునా యని ఊరివారు ఆశ్చర్యపడు స్థితి యుండెను. అచ్చటినుండి 1946లో ఢిల్లీలోను వెల్లూరులోను నర్సింగున బి.ఎస్‌సి. పట్టము ఆరంభమగుటకును, 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిలు చట్టము వచ్చుటకును, 2023లో నూతన జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషను చట్టము వెలువడుటకును జరిగిన ప్రయాణము సామాన్యమైనది కాదు. దాని చరిత్ర మీ పాఠ్యగ్రంథములలో కలదు గనుక నేను విస్తరింపను.

బొమ్మలను గూర్చి మాత్రము కొంత చెప్పవలెను. ఏలయన, కృత్రిమ మేధ నర్సింగు తరగతిలోనికి వచ్చిన మొదటి కృత్రిమ వస్తువు కాదు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సుల పాఠశాలవారు, పిల్లల బొమ్మలు చేయుటలో ప్రసిద్ధురాలైన మార్తా చేజ్ అను నామెచేత 1911లో నిలువెత్తు స్త్రీప్రతిమను చేయించిరి. విద్యార్థినులు దానిని మిసెస్ చేజ్ అని పిలుచుచు, పక్క మార్చుటయు, పడకలోనే స్నానము చేయించుటయు దానిపై అభ్యసించిరి. అర్ధశతాబ్దము పిమ్మట, 1960లో, నార్వే దేశీయుడైన ఆస్మండ్ లేర్‌డాల్, అతడును బొమ్మల వ్యాపారియే, ఊపిరి పోయు విద్య నేర్చుటకు రెసుసి ఆన్ అను ప్రతిమను నిర్మించెను. నేడు మన కళాశాలల సిమ్యులేషన్ గదులలో దగ్గునట్టియు, మూలుగునట్టియు, నాడి కొట్టుకొనునట్టియు ప్రతిమలు వానికి వారసులు. అమెరికాలోని రాష్ట్ర నర్సింగు మండలుల జాతీయ సమాఖ్య 2014లో ప్రకటించిన పెద్ద అధ్యయనము, సమర్థులైన బోధకులు, తగిన సామగ్రి ఉన్నపుడు, వార్డు శిక్షణలో సగమువరకు ఇట్టి అభ్యాసముతో పూరించినను ఫలితములు తగ్గవని తేల్చెను. ఆ వాక్యములోని షరతును విడిచి, సగము అను మాటను మాత్రము పట్టుకొని ప్రతిమలు కొన్న సంస్థలు లోకమున తక్కువ లేవు.

ఈ పరంపరలో నాకు మిక్కిలి ప్రియమైనది, మనలో పలువురు విననిది, మేరియాన్ బిట్జరు కథ. 1960లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున ప్లేటో అను పేర బోధనార్థము ఒక కంప్యూటరు వ్యవస్థను డోనాల్డ్ బిట్జరు అను ఇంజనీరు రూపొందించెను. అతని భార్య మేరియాన్ వృత్తిచేత నర్సు. ఆ దశాబ్దపు తొలిభాగముననే, గుండెపోటు వచ్చిన రోగికి చేయదగు పరిచర్యను ఆ యంత్రముపై బోధించు పాఠమును ఆమె నిర్మించెను. ఆమె ఆ పాఠమును నడిపిన తీరే మనము గుర్తింపదగినది. యంత్రము విద్యార్థినికి రోగిని పరిచయము చేసి, ప్రశ్నలు ముందుంచి, అంతటితో ఊరకుండెను. జవాబుకు కావలసిన సమాచారమును విద్యార్థినియే అడిగి, వెదకి, ఒక్కొక్కటిగా రాబట్టుకొనవలెను. రోగిని కూర్చుండబెట్టినచో ఏమగును, ప్రాణవాయువు నిచ్చినచో ఏమగును, ఏ మందు ఏ మార్పు తెచ్చును అని శోధించు భారము ఆమెదే. గదియంత పెద్దదై, నేటి చేతిఫోనులో సహస్రాంశ శక్తియైనను లేని ఆ యంత్రము విద్యార్థిని ఆలోచనకు స్థానము విడిచెను. నేటి మహాయంత్రము, మనము కోరినంతనే, ఆ స్థానమును పూర్తిగా ఆక్రమించుచున్నది. లోపము యంత్రశక్తిలో లేదు, మనము దానిని నియోగించిన పద్ధతిలో నున్నది. కావుననే అది మన చేత దిద్దబడగలదు.

ఇక ఫ్లిప్డ్ తరగతి మాట. హార్వర్డులో భౌతికశాస్త్రము బోధించు ఎరిక్ మజూరు, తన విద్యార్థులు సూత్రములు వేసి లెక్కలు చేయగలిగియు, వాని వెనుకనున్న భావమును అడిగినచో తడబడుటను గమనించి, 1990ల ఆరంభమునుండి తరగతిలో ఉపన్యాసమును తగ్గించి, విద్యార్థులు ఒకరితోనొకరు వాదించుకొని అర్థము చేసికొను పద్ధతిని అవలంబించెను. 2007లో కొలరాడోలోని వుడ్‌లాండ్ పార్కు ఉన్నత పాఠశాలయందు జోనథన్ బెర్గ్‌మన్, ఆరన్ సామ్స్ అను ఇద్దరు రసాయనశాస్త్రోపాధ్యాయులు, తరగతికి రాలేకపోయిన పిల్లలకొరకు పాఠములను వీడియోలుగా తీయ మొదలిడి, వచ్చిన పిల్లలకును అదే మేలని గ్రహించిరి. చెప్పుట ఇంటికి, చేయుట తరగతికి: ఇంతే ఆ పద్ధతి సారము. గురువు ఎదుట నుండగా శిష్యుడు చేయవలసిన పని వినుట మాత్రమే కాదని మన నాట్య, సంగీత గురుకులములు ఎన్నడో ఎరుగును గనుక, భావము క్రొత్తది కాకపోయినను, ఉపన్యాసమును మూటగట్టి ముందుగా పంపుటకు సాధనము దొరకుట క్రొత్త.

నర్సింగునకు ఈ పద్ధతి ఎంత తగునో ఒక్క పాఠముతో చూపుదును. సెలైను వేగము లెక్కకట్టుటను తీసికొందము. 500 మిల్లీలీటర్ల ద్రవము 4 గంటలలో ఎక్కవలెను. మిల్లీలీటరుకు 20 బొట్లు పడు సెట్టు. అనగా 240 నిమిషములలో 10,000 బొట్లు, నిమిషమునకు సుమారు 42. ఈ లెక్కను నల్లబల్లపై చెప్పుటకు మనము ఒక గంట వ్యయపరచుచున్నాము. విద్యార్థిని వ్రాసికొనును, పరీక్షలో వ్రాయును, ఉత్తీర్ణురాలగును. వార్డులో స్టాండు క్రింద నిలిచి, చేతి గడియారము చూచుచు బొట్లు లెక్కించి, రెగ్యులేటరు చక్రమును త్రిప్పవలసి వచ్చినపుడు ఆమె వ్రేళ్లకు ఆ 42 తెలియదు. పది నిమిషములలో ముగియు వీడియోలో లెక్క ముందురోజే చెప్పబడినచో, ఆ గంట యంతయు ప్రయోగశాలలో స్టాండు చెంత గడపవచ్చును. అప్పుడు ఉపాధ్యాయురాలు బాటిలును ఒక జేన క్రిందికి దింపి, వేగమేమైనదో మరల లెక్కింపుమనును. రోగి మోచేయి ముడిచినట్లు గొట్టమును వంచి, ధార ఏల తగ్గెనని అడుగును. సెట్టు మార్చి, మిల్లీలీటరుకు 60 బొట్లు పడు చిన్న బొట్ల సెట్టు నిచ్చి, పాత సంఖ్యతోనే నడిపినచో బిడ్డకు ఎంత ద్రవము ఎక్కునో చెప్పుమనును. ఆ ప్రశ్నల నడుమ ఆ విద్యార్థిని చేతికి వచ్చు నమ్మకము ఏ వీడియోలోను ఇమడదు; కాని వీడియో లేక ఆ గంట మనకు దొరకదు.

అయినను ఈ పద్ధతి మన కళాశాలలలో విఫలమగుటకు కారణములు బలమైనవి. బెర్గ్‌మన్, సామ్స్ విద్యార్థులు సాయంకాలము ఇండ్లకు పోయిన పిల్లలు. మన విద్యార్థిని ఉదయము వార్డులో నిలిచి, మధ్యాహ్నము తరగతిలో కూర్చుండి, కొన్ని వారములు రాత్రి డ్యూటీ చేసి, హాస్టలు గదిలో నలుగురితో కలిసి నిద్రించునది. ఆమెకు వీడియోను పంపి, తరగతి గంటలను మాత్రము పూర్వమువలెనే నిలిపినచో, మనము పద్ధతిని మార్చలేదు. ఆమె నిద్రను కోసితిమి. వీడియో చూచు కాలము టైంటేబిలులో అక్షరాల చేరవలెను. అది పాఠ్యకాలముగా లెక్కింపబడవలెను. గ్రంథాలయములో కంప్యూటర్లు, హాస్టలులో నిలకడైన నెట్టు సంస్థ సమకూర్పవలెను. దీనికంటె గూఢమైన ప్రమాదము మరొకటి కలదు. ఉపన్యాసములు రికార్డయినవి గనుక బోధకుల సంఖ్యను తగ్గింపవచ్చునని యాజమాన్యములకు తోచవచ్చును. ఫ్లిప్డ్ తరగతికి బోధకులు ఎక్కువ కావలెను, తక్కువ కాదు. అరువదిమందికి ఒకరు ఉపన్యాసమీయవచ్చునుగాని, అరువదిమంది చేతులను ఒకరు చూడలేరు. ఈ మాటను ప్రతి యాజమాన్య సమావేశమునందును బోధకులు నిర్భయముగా చెప్పవలెనని నా ప్రార్థన.

కృత్రిమ మేధ ఈ తరగతిలో ఎచ్చట చేరవలెను? పడక చెంతకు పోవుటకు ముందు, రోగిగా నటించు పాత్ర దానికి చక్కగా అమరును. ఈ యంత్రములు తెలుగును ఇపుడు తగినంత వ్రాయగలవు, మాట్లాడగలవు. ఛాతీలో నొప్పియని నేరుగా చెప్పక, గ్యాసు పట్టినదని, ఎడమ చేయి లాగుచున్నదని, నిన్న పెండ్లి భోజనము అరగలేదని చెప్పుచు, భార్యను పిలువుమని మధ్యలో విసుగుకొను ఏబదియేండ్ల రైతుగా యంత్రమును నిలిపి, విద్యార్థినిని దానితో మాట్లాడించవచ్చును. ఒకరు ఆయాసమనుదానిని మరొకరు దమ్మనుచుందురు. శ్రీకాకుళపు ముసలమ్మ పలుకు ఆదిలాబాదునుండి వచ్చిన బాలికకు మొదట తెలియకపోవచ్చును. నిజమైన రోగికి బాధ కలుగకుండ, తప్పుడు ప్రశ్న అడిగినను హాని లేకుండ, సిగ్గరియైన విద్యార్థిని పలుమారులు అభ్యసించుటకు ఇంతటి సౌకర్యము మునుపెన్నడును లేదు. సంభాషణ ముగిసిన పిమ్మట, ఆమె అడుగక విడిచిన ప్రశ్నలేవో యంత్రము ఎత్తిచూపవచ్చును. తదుపరి, ఆ ఎత్తిచూపుటలో ఏది సరియో ఏది కాదో ఉపాధ్యాయురాలు నిర్ణయించును. మేరియాన్ బిట్జరు యంత్రము చేసిన పనిని ఇది ఇంకను సజీవముగా చేయగలదు.

సమాధానమిచ్చు యంత్రముగా మాత్రము దానిని నమ్ముటకు ముందు మన ఆసుపత్రి వాస్తవములను దాని యెదుట నిలుపవలెను. ఇన్సులిను సంగతి చూడుడు. మన దేశమున సీసాలలో విరివిగా లభించునది మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూతగల సిరంజి. పెన్నులో వేయు కార్ట్రిడ్జిలోనిది 100 యూనిట్లది, దానికి తగిన సిరంజికి నారింజరంగు మూత. పాశ్చాత్య దేశముల రచనలను విశేషముగా చదివిన యంత్రము, అడుగనిదే, 100 యూనిట్ల లెక్కనే ఊహించుకొని మాట్లాడు అవకాశము కలదు. కార్ట్రిడ్జిలోని మందును ఎర్రమూత సిరంజితో 20 గీత వరకు లాగినచో రోగికి చేరునది 20 కాదు, 50 యూనిట్లు. సీసాలోని మందును నారింజమూత సిరంజితో 20 గీత వరకు లాగినచో చేరునది 8 యూనిట్లు మాత్రమే. మొదటిదానిలో రోగి రక్తమునందలి చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును, రెండవదానిలో చక్కెర తగ్గక వ్యాధి ముదురవచ్చును. యంత్రము చెప్పిన వాక్యములో వ్యాకరణదోషము గాని, సంకోచము గాని కనబడదు. సీసాపై చీటీని చదివి, సిరంజి మూత రంగును చూచి, రెండింటిని పోల్చిన తరువాతనే సూది ఎత్తు అలవాటు మాత్రమే రోగిని కాపాడును. ఆ అలవాటు ప్రయోగశాలలో, ఉపాధ్యాయురాలు కావలెనని తారుమారు చేసిపెట్టిన సీసాలను పట్టుకొనుచు నేర్వవలెను.

యంత్రమునకు మనము ఈయు సంఖ్యలును దాని విలువను నిర్ణయించును. బ్రిటనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్సువారు 2012లో వెలువరించిన ముందస్తు హెచ్చరిక పట్టికలో, శ్వాస నిమిషమునకు 25 లేక అంతకు మించినచో మూడు పాయింట్లు, అనగా ఆ ఒక్క అంశమునకు గరిష్ఠము, వేయబడును. రోగి పరిస్థితి క్షీణించుటను ముందుగా తెలుపు చిహ్నములలో శ్వాసకు అంత ప్రాధాన్యము. కాని పలు వార్డులలో చార్టు చూచినచో, పడకలన్నింటికిని శ్వాస 20 అని వరుసగా వ్రాసియుండుట మనకు అపరిచితమైన దృశ్యము కాదు. ఎవ్వరును లెక్కింపని ఆ 20ని ఎంతటి మహామేధ స్వీకరించినను, దానినుండి సత్యమును పుట్టింపజాలదు. నిమిషముపాటు రోగి రొమ్ము ఎత్తుపల్లములను లెక్కించు విద్యార్థిని నిజాయితీయే ఆ యంత్రమునకు పునాది.

సరియైన సంఖ్యలిచ్చినను యంత్రము తప్పవచ్చునని చూపు ప్రమాణములును కలవు. అమెరికా ఆసుపత్రులలో విస్తారముగా వాడుకలోనున్న ఒక సెప్సిస్ హెచ్చరిక వ్యవస్థను మిచిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ రోగులపై పరీక్షించి 2021లో ప్రకటించిన ఫలితములనుబట్టి, అది సెప్సిస్ సోకినవారిలో మూడింట రెండువంతులమందిని గుర్తింపలేకపోయెను. మరియొకవైపు, ఆసుపత్రిలో చేరినవారిలో 18 శాతముమందికి హెచ్చరికలు మ్రోగించెను. ఆ విశ్వవిద్యాలయమునుండియే 2020లో వెలువడిన మరియొక పరిశోధన, వ్రేలికి తగిలించు పల్స్ ఆక్సీమీటరు, ప్రాణవాయువు చాలకున్నను చాలునని చూపుట శ్వేతవర్ణులకంటె నల్లజాతి రోగులలో సుమారు మూడు రెట్లు ఎక్కువగా జరుగుచున్నదని వెల్లడించెను. నల్లని చర్మముగల ప్రజల నడుమ పనిచేయు మనకు ఆ వార్త దూరదేశపు వార్త కాదు. యంత్రము 95 అని చూపుచుండగా, రోగి వాక్యమును ముగింపలేక ఆగుచున్నచో, ఎవరి మాట నమ్మవలెనో నర్సుకు తెలిసియుండవలెను. తెలిసిన దానిని డాక్టరుగారికి ఫోనులో చెప్పు ధైర్యమును ఉండవలెను.

ఈ సందర్భమున ఒక విశేషమును స్మరింపక తప్పదు. నర్సు నూతనదశనుండి నిపుణదశకు ఐదు మెట్లమీదుగా ఎదుగునని 1984లో ప్యాట్రీషియా బెన్నరు వ్రాసిన గ్రంథము మన కళాశాలలన్నింటను పఠింపబడుచున్నది. ఆమె సిద్ధాంతమునకు ఆధారము డ్రైఫస్ సోదరుల నైపుణ్యవిచారము. ఆ సోదరులలో ఒకడైన హ్యూబర్ట్ డ్రైఫస్, కంప్యూటర్లు చేయలేని పనులేవియో వివరించుచు 1972లోనే గ్రంథము రచించి, కృత్రిమ మేధ పక్షమువారితో చిరకాలము వాదించిన తత్త్వవేత్త. నిపుణుని జ్ఞానము నియమముల పట్టికగా విడదీయరాదనియు, అది శరీరముతో, సందర్భముతో పెనవేసికొనియుండుననియు అతని వాదము. నేటి యంత్రములు నియమములతో కాక ఉదాహరణములతో నేర్చుచున్నవి గనుక అతని వాదములో కొన్ని భాగములు సడలినవని నేనంగీకరింతును. అయినను నిపుణురాలైన నర్సు, చార్టులోని అంకెలు మారకముందే, ఈ రోగి బాగుగా లేడని తలుపు దగ్గరనే నిలిచి గ్రహించుట మనమందరము చూచినదే. ఆ గ్రహణశక్తి వేలమంది రోగులను చూచుటవలన, చూచి తప్పు అంచనా వేసి దిద్దుకొనుటవలన కలిగినది. మొదటి మెట్టుననే అంచనాలన్నింటిని యంత్రమే వేసిపెట్టినచో, ఐదవ మెట్టు ఎక్కు నర్సులు మనకు ఎక్కడినుండి వత్తురు? నాకు ఈ విద్యావిషయమున గల అత్యంతభయము ఇదియే.

కావున కేర్ ప్లాను వ్రాయు పద్ధతిని మార్చవలెను. సీనియర్ల రికార్డులనుండి ఎత్తివ్రాయుట పూర్వమును కలదు. దానిని చూచి చూడనట్లుండిన మనకు యంత్రమును నిందించు అధికారము స్వల్పము. నా సూచన యిది. విద్యార్థిని మొదట పడక చెంతనే, కాగితముమీద, సిరాతో, తాను చూచినదియు, తాను ముఖ్యమనుకొన్న సమస్యయు, తాను మొదట చేయబోవు పనియు వ్రాసి ఉపాధ్యాయురాలి సంతకము పొందవలెను. అటుపిమ్మట, రోగి పేరును, ఐ.పి. నంబరును, ఊరును తొలగించి, యంత్రమునడుగవచ్చును. 2023 నాటి వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టము లేకున్నను, రోగి రహస్యమును కాపాడుట మన వృత్తిధర్మము. యంత్రము చెప్పినదానిలో తాను స్వీకరించినదేది, నిరాకరించినదేది, ఎందువలన అని మూడవదిగా వ్రాయవలెను. మార్కులలో పెద్దభాగము ఈ మూడవదానికి చెందవలెను. విశ్వవిద్యాలయ ప్రయోగపరీక్షలలో రికార్డు పుస్తకమును తూచి మార్కులు వేయుటకు మారుగా, పరీక్షకులు విద్యార్థినిని క్రొత్త రోగి చెంత పది నిమిషములు నిలిపి, తరువాత మాట్లాడింపవలెను.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిలువారు 2021లో ప్రకటించిన బి.ఎస్‌సి. పాఠ్యప్రణాళిక సెమిస్టరు పద్ధతిని, సిమ్యులేషను అభ్యాసమును తెచ్చుటయేగాక, రెండవ సెమిస్టరులో ఆరోగ్య సమాచారశాస్త్రమునకు ప్రత్యేకముగా స్థానమిచ్చినది. ఆ కోర్సు కంప్యూటరు భాగముల పేర్లు వల్లెవేయుటతో ముగియుచున్నచో అవకాశము వ్యర్థమగును. పైన చెప్పిన ఇన్సులిను ప్రశ్ననో, సెలైను లెక్కనో యంత్రమునకిచ్చి, దాని సమాధానములోని తప్పును పట్టుకొనుటయే ఆ కోర్సులో ప్రయోగపాఠము కావలెను. మొదటి సంవత్సరపు విద్యార్థిని యంత్రపు తప్పును ఒకమారు తన కన్నులతో పట్టుకొన్నచో, అటుపై ఆమె దానిని వాడు తీరే మారును. బోధకులకును ముందుగా ఇట్టి శిక్షణ కావలెను. తాను వాడని యంత్రమును గూర్చి నిషేధమో స్తుతియో పలుకు ఉపాధ్యాయుని మాటను విద్యార్థులు మర్యాదకు వినుటయేగాని మనస్సునకు పట్టించుకొనరు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2025 నివేదికనుబట్టి లోకమున సుమారు 2 కోట్ల 98 లక్షలమంది నర్సులున్నారు. ఇంకను 58 లక్షలమంది కొరత. మన రెండు రాష్ట్రములనుండి చదివి గల్ఫు దేశములకు, బ్రిటనుకు, జర్మనీకి పోవు బిడ్డలు ఆ కొరతను తీర్చువారిలో నున్నారు. వారు చేరు ఆసుపత్రులలో ఈ హెచ్చరిక యంత్రములు ఇప్పటికే పడకపడకకును అమరియుండును. ఇచ్చటనే ఉండి ప్రాథమికారోగ్యకేంద్రములో ఒంటరిగా రాత్రి డ్యూటీ చేయు నర్సుకు, చేతిలోని ఫోను తప్ప అడుగుటకు మనిషి ఉండకపోవచ్చును. ఇద్దరికిని యంత్రముతో వ్యవహరించు నేర్పు కావలెను. రెండవ ఆమెకు ఇంకను ఎక్కువగా కావలెను.

ఈ పనికి తొలి సాధనముగా మనకు తెలుగు రోగుల కథలు కావలెను. ఆంగ్లమున సిద్ధముగా దొరకు రోగిపాత్రలు మన వార్డులలో తిరుగాడువారు కారు. పాముకాటుతో మంత్రము వేయించుకొని ఆలస్యముగా వచ్చిన కూలీ, నెలలు నిండి కాళ్లు వాచి కన్నులు మసకలు కమ్ముచున్నను పుట్టింటివారు వచ్చువరకు ఆగుదమనుకొన్న గర్భిణి, పురుగుమందు త్రాగి ఏమి త్రాగితినో చెప్పని యువకుడు, ఉద్దానమునుండి వచ్చి మూత్రపిండముల వ్యాధితో వారమునకు రెండుమార్లు డయాలిసిస్‌కు తిరుగు రైతు: వీరి సంభాషణములను, వీరి చిహ్నములను, దాచియుంచు సంగతులను వార్డులలో పనిచేసిన మన బోధకులే వ్రాయగలరు. ప్రతి కళాశాలలోని ప్రతి విభాగమువారును, పేర్లు లేకుండ, గుర్తింపు వీలుకాకుండ, ఇట్టి కథలు ఐదేసి వ్రాసి పరస్పరము మార్చుకొన్నచో, ఏ యంత్రమునందైనను పెట్టి నడుపదగిన తెలుగు రోగశాల యొకటి మనకు సిద్ధమగును. దీనికి ధనము అక్కరలేదు, ప్రభుత్వపుటుత్తరువు అక్కరలేదు. వార్డు అనుభవమును, కొన్ని సాయంకాలములును కావలెను. ఈ కళాశాల స్త్రీ, ప్రసూతి విభాగమువారు మొదటి ఐదు కథలను వేసవి సెలవులలోపల వ్రాసియిత్తుమని సభకు ముందు నాతో చెప్పిరి. వానిని చదివి దిద్దు పనిలో నేనును పాలుపంచుకొందును.